మాడిన అన్నం పాట

నా మొగుడు క్లోవిస్ ఏ పాటనీ రెండుసార్లు ఒకేలా పాడి ఎరుగడు. చరణం మధ్యలో మాట అయిపోతే కోడిలా కూసేవాడు, స్టార్టు కాని ట్రక్కులా గురగురలాడేవాడు, "ఐ యి యీ, హే తోయ్!" అని గాలిలోకి అరిచేవాడు. ఎదురుగా ఆడుతున్నవాళ్ళని పేరు పెట్టి మరీ ఆటపట్టించేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు చర్చి హాల్లో జైడెకో పాటకీ ఆటకీ వచ్చేవాళ్ళలో సగంమంది, ఆ పూట తమమీద ఏం కడతాడో విందామనే వచ్చేవారు.

నామీద మాత్రం ఎప్పుడూ ఒకటే కట్టేవాడు. పెళ్ళయిన మూడోరోజు, ఆయన బ్యాండువాళ్ళకి అన్నంలోకి గంబో పులుసు వండిన నాడు, గిన్నెడు అన్నం మాడ్చాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ గిన్నె తెచ్చి ఊరి ముందు పెట్టాడు.

"ఫిలొమెన్ అన్నం పెట్టె, కుక్కేమో దణ్ణం పెట్టె!"

నేను తాళం వెయ్యడానికి గుండెలమీద తొడుక్కున్న గరుకు రేకుని చెంచాలతో గీకుతూనే, "పొయ్యి మంచిది కాదయ్యా!" అని అరిచేదాన్ని. జనం విరగబడి నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. నిజంగానే మండేది.

ఈ ఏడు ఈస్టరు ఉపవాసాలకి ముందు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది గాని మాట రాలేదు. "ఊ" ఒక్కటే మిగిలింది. ఆరునెలల్లో రాకపోతే ఆశ తక్కువేనన్నాడు డాక్టరు. ఐదు నెలలు నిండాయి. ఒకరోజు ఉండబట్టలేక కావాలనే అన్నం మాడ్చి పెట్టాను.

"ఎలా ఉంది?"

"ఊ," అన్నాడు. మెతుకు మిగల్చకుండా తినేశాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మళ్ళీ ఆదివారం వచ్చింది. నాన్నని హాలుకి తీసుకెళ్దామంది మా అమ్మాయి నోలియా.

"ఎందుకే, నలుగురి ముందూ కూర్చోబెట్టి అయ్యోపాపం అనిపించడానికా?"

"అనేవాళ్ళ సంగతి నాన్న చూసుకుంటాడు. నువ్వు రేకు తొడుక్కో," అంది అకార్డియన్ భుజానికెత్తుకుంటూ.

హాల్లో ఆయన్ని మా పక్కనే కుర్చీలో కూర్చోబెట్టాం. పాత స్నేహితుడు ఎర్విల్ వచ్చి ఆయన భుజం తట్టాడు.

"ఏరా, ఇంకో ఏడాది ఇలాగే నోరు మూసుకో. మా చెవులు ఇప్పుడిప్పుడే బాగుపడుతున్నాయి."

నవ్వబోయి, టోపీ కళ్ళమీదికి లాక్కుని పక్కకి తప్పుకున్నాడు.

నోలియా నాన్న పాటే ఎత్తుకుంది. పిల్ల బాగా వాయిస్తుంది, శుద్ధంగా పాడుతుంది. కానీ నన్ను ఏడిపించే చరణం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. అది ఆయన చోటు. వేళ్ళు మాత్రం అక్కడక్కడే తిరుగుతున్నాయి. ఆడేవాళ్ళు తలలు దించుకున్నారు. ఆ ఖాళీని నేను భరించలేకపోయాను. జన్మలో పాట పాడనిదాన్ని, నోరు తెరిచాను.

"మల్లెపువ్వే నా అన్నం, మెతుకు మెతుకూ అంటదు! ముప్ఫై ఏళ్ళు వండాను, ఒక్కనాడూ మాడదు!"

క్లోవిస్ తల ఎత్తాడు. పూజ మధ్యలో ఫాదరు అబద్ధమాడితే చూసినట్టు చూశాడు.

"ఒక్కనాడూ మాడదు! కావాలంటే మా ఆయన్నే అడగండి!"

ఆయన ఎడమచెయ్యి కుర్చీమీద దబదబా పడింది. పెదాలు అదిరాయి.

"మా..." అన్నాడు.

నోలియా వేళ్ళు తడబడ్డాయి.

"ఆపకే!" అని అరిచాను.

"మా... మా... మా..." మాట అక్కడే చిక్కుకుపోయింది. ముఖం ఎర్రబడింది. ఇక వదిలేస్తాడనే అనుకున్నాను. అంతలో ఆయన కళ్ళలో పాత కొంటెతనం కనిపించింది. తలూపుతూ ఆ నత్తినే తాళంలో పెట్టాడు. స్టార్టు కాని పాత ట్రక్కు!

"మా-మా-మా, మా-మా-మా, మా-మా... మాడింది! ఐ యి యీ, మాడింది!"

ఎర్విల్ ఎగరేసిన టోపీ కప్పుకి తగిలింది. నోలియా ఏడుస్తూ వాయిస్తోంది, వాయిస్తూ నవ్వుతోంది. గుండెలమీద రేకు ఉండగానే నా గుండెలమీది బరువంతా దిగిపోయింది. హమ్మయ్య, నా మొగుడు నన్ను తిడుతున్నాడు!

అంతటితో ఊరుకుంటాడా? చెంచా పట్టుకున్న నా చేతివైపు వేలు చూపించాడు.

"పొ-పొ-పొ... పొయ్యి... మంచిదే!"

హాలంతా నావైపు తిరిగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ నా జవాబు ఆ పూట మార్చేశాను.

"మంచిదేనయ్యా!" అన్నాను. "పొయ్యి మంచిదే! ఆ రోజు నువ్వు వరండాలో పాడుతున్నావు. గరిటె పట్టుకుని గుమ్మంలో వింటూ నిలబడిపోయాను. అందుకే మాడింది!"

క్లోవిస్ మెడ చాచి, కళ్ళనీళ్ళతోనే, కోడిలా కూశాడు.