గోడ మీది యువరాణి

చేతులకంటిన మొక్కజొన్న పిండి ఇంకా కడుక్కోనే లేదు, వచ్చి కాసేపు చచ్చిపోయినట్టు పడుకోమన్నాడు ఇలారియో.

నా భర్త బొమ్మలు వేస్తాడు. ఈస్ట్ లాస్ ఏంజిలెస్‌లో మేముండే క్వార్టర్ల చివరనున్న ఎత్తయిన గోడ ఆ ఏడాది అతని బృందానికి దొరికింది. బడిలో స్పానిష్ మాట్లాడినందుకు దెబ్బలు తిన్న కుర్రాళ్ళే వాళ్ళంతా. మనమెవరమో పుస్తకాల్లో లేదు, గోడల మీదైనా ఉండాలి అనేవాడు ఇలారియో. ఆ మాటకే నేనతన్ని పెళ్ళి చేసుకున్నాను. ఆ గోడకి వాళ్ళు ఎంచుకున్నది మా మెక్సికన్ల ప్రతి వంటింట్లోనూ క్యాలెండర్ మీద ఉండే బొమ్మ. యుద్ధం నుంచి తిరిగొచ్చిన వీరుడు, చనిపోయిన యువరాణిని చేతుల మీద ఎత్తుకుని కొండెక్కుతుంటాడు.

యువరాణిని నేను. పగలంతా బట్టల ఫ్యాక్టరీలో జిప్పులు కుట్టి, ఇంటికొచ్చి బృందానికంతటికీ రొట్టెలు కాల్చి, ఆ తర్వాత రెండు కుర్చీల మీద వెనక్కి వాలేదాన్ని. నిజంగానే నిద్రపట్టేసేది. ఎంత బాగా చేస్తోందో, ఊపిరి కూడా తెలియట్లేదని మెచ్చుకునేవారు. పెళ్ళికి ముందు నేనూ సాయంకాలం తరగతుల్లో బొమ్మలు నేర్చుకున్నాను, మా పరిచయం అక్కడే. ఒకరోజు నాకూ ఒక కుంచె ఇవ్వమన్నాను. "నువ్వు బొమ్మలోనే ఉన్నావు కదే, ఇంకేం కావాలి?" అని నవ్వాడు. ప్రేమగానే అన్నాడు. ప్రేమగా అన్న మాటకి ఏం బదులు చెప్పాలో తెలియకే ఏళ్ళు గడిచిపోతాయి.

గోడ పూర్తయిన రోజు వీధంతా వచ్చింది. మా అత్తగారు రెఫూహియో నల్ల శాలువా కప్పుకుని వచ్చి చాలాసేపు చూసింది. చావుని ఇంత అందంగా ఎవరు వేయగలరని పక్కన ఎవరో అంటున్నారు.

"నా కోడలు చచ్చిపోలేదురా," అంది ఆవిడ కొడుకుతో. "అలిసిపోయింది. ఆ మొహం నాకు తెలీదా? మీ నాన్న పక్కన, ఆయన బతికున్నన్నాళ్ళూ నేనూ ఆ మొహంతోనే పడుకున్నాను."

ఎవరో నవ్వారు. ఇలారియో నవ్వలేదు. గోడనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. అత్తగారు నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి, దాల్చినచెక్క వేసి కాఫీ కాచి ఇచ్చింది.

కాసేపటికి ఇలారియో వచ్చాడు. మళ్ళీ వేస్తానన్నాడు, ఈసారి కళ్ళు తెరిచి ఉంటాయన్నాడు. ఆ గొంతు వింటే జాలేసింది.

"వద్దు, అది నీకు కనబడినట్టు వేశావు. ఉండనీ," అన్నాను. "లాండ్రీ పక్క గోడ ఖాళీగా ఉంది. అది నాకిమ్మని అడుగుతాను."

"ఏం వేస్తావు?"

"ముందు ఆ కుర్చీలో కూర్చుని రేపటికి బీన్స్‌లో రాళ్ళు ఏరు."

పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చేతకాక, ఒక్కో గింజనే వెలుతురుకి ఎత్తి చూడసాగాడు. నేను ఒక కాగితమూ బొగ్గుముక్కా తీసుకున్నాను. పెళ్ళయ్యాక అతన్ని అంత తీరిగ్గా చూడటం అదే మొదటిసారి. కణతల దగ్గర జుట్టు నెరిసింది. అందంగానే ఉన్నాడు.

పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వచ్చింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి మా ఇద్దర్నీ చూసి, పొయ్యి ఆర్పేసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

నేను లేవలేదు.