ఎర్ర పిడి ఎనిమిదో రాయి

ఇది కల్ల అనేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. తలుపు మాత్రం గట్టిగా వేసి వెళ్లండి, చలి లోపలికొస్తుంది. మా ఎల్క్ బెండ్‌లో ఆ ఏడాది పడిన చలికి కుక్కలు మొరగడం మానేసి తల ఊపి ఊరుకునేవి. గడియారం ముళ్లు రెండూ ఒకదాన్నొకటి కావలించుకుని పడుకునేవి.

అంత చలిలోనూ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఊరంతా కర్లింగ్ షెడ్డుకి చేరాల్సిందే. కర్లింగ్ ఆటంటే, పొడవాటి మంచు బాట మీద ఇరవై కిలోల రాయిని పిడి పట్టి జారవిడవాలి. అది అవతలి చివర గీసిన వలయాల నడిబొడ్డున ఆగాలి. రాయి ముందు ఇద్దరు చీపుర్లతో తుడుస్తూ పరిగెడతారు. జట్టుకి నలుగురు, ఎనిమిది రాళ్లు. ఆట అయ్యాక రెండు జట్లూ మేడమీద గుండ్రబల్ల చుట్టూ కూర్చోవాలి. మొదట గెలిచినవాళ్లు ఓడినవాళ్లకి తాగడానికి ఇప్పిస్తారు, తర్వాత ఓడినవాళ్లు తిరిగి ఇప్పిస్తారు. కూర్చోకుండా జారుకున్నవాణ్ణి మా ఊళ్లో పోస్టుమాన్ కూడా పలకరించడు.

కోల్బీ హలుష్కాకి ఇరవై మూడేళ్లు. బడి అయ్యాక కాలేజీ వైపు చూడకుండా ధాన్యం గోదాములో పనికి చేరాడు. వాడి బలం గురించి చెప్పాలంటే, ఒకసారి వాడు తోసిన రాయి వెనకగోడ పగలగొట్టుకుని రైలుపట్టాల దాకా జారి, గూడ్సుబండి వెళ్లేదాకా ఆగి, ఆ తర్వాత పట్టాలు దాటింది. ఆ గోడకి ఇప్పటికీ వేరే రంగు చెక్కే ఉంది, పోయి చూసుకోండి.

తాగడంలోనూ వాడిది అదే ధాటి. శనివారం గుండ్రబల్ల దగ్గర పద్నాలుగు బీర్లు ఖాళీ చేసి, లేచి నిలబడి పదిహేనోది అడిగేవాడు. బల్లంతా చప్పట్లు. సోమవారం పొద్దున చేతులు వణికేవి. ఆ వణుక్కి మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టేవాళ్లు కాదు.

గాలివానకి ఊరు చీకటైపోతే స్తంభమెక్కి దీపాలు వెలిగించే మనిషి కావాలని వాడికి చిన్నప్పటి నుంచీ ఒకటే కోరిక. ఆ పని నేర్పే కరెంటు కంపెనీ వాళ్లు శరదృతువులో పరీక్ష పెడితే నలభై అడుగుల ఎత్తున చేతులు వణికి బోల్టు జారవిడిచాడు. "మార్చి రెండో సోమవారం ఇంకొక్కసారి రా. అప్పుడూ జారితే మళ్లీ పిలవం," అన్నారు.

జనవరిలో కెప్టెన్ ఒరెస్ట్ మోకాలు మార్పించుకోవడంతో కోల్బీ కెప్టెనయ్యాడు. చివరి రాయి వేయాల్సింది కెప్టెనే. ఆ రాయి ఎర్ర పిడి ఎనిమిదో నంబరు. దాని సంగతి ఊరందరికీ తెలుసు. చెయ్యి పెట్టగానే ఒక ప్రశ్న అడుగుతుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే సూటిగా పోతుంది, లేకపోతే వంకర తిరుగుతుంది. అందుకే ఎదుటి జట్లన్నీ పసుపు పిడి రాళ్లే కావాలనేవి. ఒరెస్ట్‌ని అది పదకొండేళ్లు "మీ తమ్ముడితో మాట్లాడావా?" అనే అడిగింది. పన్నెండో ఏట ఆయన వెళ్లి మాట్లాడొచ్చి కప్పు గెలిచాడు.

కోల్బీ మొదటిసారి దాని మీద చెయ్యి పెట్టాడు.

"పోయిన శనివారం ఎన్ని తాగావు?" అంది రాయి, పక్కింటావిడ పంచదార ఉందా అని అడిగినంత మామూలుగా.

"ఐదారు."

రాయి సగం దూరం పోయి పక్కచెక్కని గుద్దుకుంది. చీపురు పట్టుకుని దాని వెంట పరిగెత్తిన డారియా, వాడి పెదనాన్న కూతురు, రొప్పుతూ వచ్చింది.

"ఏం చెప్పావురా దానికి?"

"ఐదారని."

"నీ మొహం! నాకు చెప్పినా నమ్మను. అదసలే రాయి."

మరుసటి వారం అదే ప్రశ్న. "పద్నాలుగు," అన్నాడు కోల్బీ పళ్లు బిగబట్టి. రాయి దారం పట్టి గీసినట్టు పోయి నడిమధ్య నిలిచింది. తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు.

మూడో వారం ప్రశ్న మారింది. "నీ ఎదురుగా కూర్చునేవాళ్లు ఎన్నేసి తాగుతారు?"

"నాలాగే. తక్కువలో తక్కువ పది."

మనస్ఫూర్తిగానే చెప్పాడు. అయినా ఎనిమిదో రాయి సాయంత్రం ఇంటికి మళ్లిన ఆవులా పక్కకి తిరిగిపోయింది.

కోల్బీకి ఒళ్లు మండింది. ఆ షెడ్డులో మంచు చూసుకునే ముసలావిడ వెర్నా వీపున నీళ్లడబ్బా కట్టుకుని బాట మీద తుంపరలు చల్లుతుంటే దగ్గరికెళ్లాడు.

"నేను అబద్ధం ఆడలేదు వెర్నా. మీ రాయి చెడిపోయింది."

"చెడిపోవడానికి అదేమన్నా పాలా? వాళ్లు పది తాగడం నువ్వు లెక్కపెట్టావా?"

"లెక్కెందుకు? అందరూ తాగుతూనే ఉన్నారుగా!"

"అంటే చూళ్లేదన్నమాట. వచ్చేవారం చూడు. నీది తాగుతూనే చూడు, ఎవరొద్దన్నారు? అడుగు తియ్, నా మంచు పాడుచేస్తున్నావ్."

ఆ శనివారం వాడు కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూశాడు. ఎదుటి జట్టు కెప్టెన్ క్లెమ్ బుషార్ మాంసం కొట్టువాడు. కోసిన ఎద్దుని ఒంటి భుజాన మోసుకుంటూ ఈల వేసే మనిషి. అంతటి క్లెమ్ రెండో బీరు ముందు పెట్టుకుని గంటసేపు మీసాలు తడుపుకుంటున్నాడు. డారియాది రెండు. ఆ చివరాయనది ఒకటి, అదీ సగం. ఎనిమిది మంది కూర్చున్న బల్ల మీద ఖాళీ సీసాల్లో సగానికి పైగా కోల్బీ ముందే ఉన్నాయి.

"క్లెమ్, నీది రెండేనా?"

"రెండే. మూడోది పోస్తే మా ఆవిడకంటే ముందు నా కడుపే తిడుతుంది."

"మరి నేను పదిహేనోది అడిగితే చప్పట్లు కొడతావే!"

"ఎద్దు ఆరు బస్తాలు లాగితే చప్పట్లు కొట్టమా అబ్బాయ్? అంతమాత్రాన మా మెడ కాడి కింద పెడతామా?"

బల్లంతా గొల్లుమంది. కోల్బీ కూడా నవ్వాడు. కానీ ఆ మాట చెవిలో దూరిన చీమలా వారమంతా తిరిగింది. మరుసటి శనివారం ఒక్కో గుక్కనీ పట్టి పట్టి చూశాడు. మూడోదాని దాకా రుచి తెలిసింది. ఏడోదానికీ ఎనిమిదోదానికీ తేడా ఏమిటో ఎంత వెతికినా దొరకలేదు. దొరకనిదానికి తాగడమెందుకని అక్కడే ఆపాడు. పై వారం ఐదు. ఆ పై వారం ఎవరిదో పుట్టినరోజని పన్నెండు లాగించాడు. రాయి అడిగితే పన్నెండనే చెప్పాడు. అది సూటిగానే పోయింది, మొహం మాడ్చుకోలేదు.

అలా మార్చి రెండో ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం ఫైనల్, క్లెమ్ జట్టుతో. తెల్లారితే స్తంభం పరీక్ష. స్కోరు సమానంగా ఉంది, మిగిలింది ఎర్ర పిడి ఎనిమిదో రాయి ఒక్కటే. కోల్బీ వంగి చెయ్యి పెట్టాడు.

"ఇవాళ ఎన్ని తాగుతావు?"

జరగనిదాని గురించి అది ఎవర్నీ ఎప్పుడూ అడగలేదు. 'ఒక్కటీ తాగను' అన్నమాట వాడి నాలుక చివరిదాకా వచ్చింది. అలాంటి ఒట్లు వాడు ఆదివారానికొకటి చొప్పున పెట్టినవాడే. చెయ్యి పిడి మీద అలాగే ఉంది.

"తెలీదు," అన్నాడు చివరికి. "రెండు దగ్గర ఆగాలని ఉంది. ఆగగలనో లేదో తెలీదు."

రాయి కదిలింది. అంత సూటిగా పోయిన రాయిని మా దేశంలో అంతకు ముందు ఎవరూ చూడలేదు, తర్వాతా చూడలేదు. కానీ నడిమధ్యకి చేరకుండా, క్లెమ్ రాయి కంటే జానెడు వెనకే ఆగిపోయింది. ఇన్నాళ్లూ గోడలు పగలగొట్టినవాడు ఆ ఒక్కసారి మెల్లగా తోశాడు. ఎంత బలంగా తోయాలో రాయి చెప్పదు కదా. కప్పు క్లెమ్‌ది.

గెలిచింది క్లెమ్ కాబట్టి ఇప్పించాల్సిందీ క్లెమ్మే. ఒకటయింది, రెండయింది. మూడో సీసా వచ్చి కోల్బీ ముందు నిలబడింది. పక్కబల్లవాళ్లు వాడి పేరు పిలుస్తూ బల్ల మీద చరుపులు మొదలుపెట్టారు. కోల్బీ సీసా మీద చెయ్యి పెట్టి ఆగాడు. సీసా ఏమీ అడగలేదు. రాయేమో కింద మంచు మీద ఉండిపోయింది. ఈసారి వాడే తనని తాను అడిగాడు: ఇది దేనికి?

"క్లెమ్, నాకు కాఫీ ఇప్పించు."

చరుపులు ఆగిపోయాయి.

"హమ్మయ్య! నాకూ ఒకటి," అన్నాడు క్లెమ్. "ఎవడో ఒకడు మొదలుపెడతాడని ఎన్నేళ్లుగా చూస్తున్నానో!"

ఆ వేళ మూల పడి ఉన్న కాఫీ పాత్రని తోమి తోమి డారియా చేతులు పడిపోయాయి.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి కోల్బీ నలభై అడుగుల ఎత్తున ఉన్నాడు. ఎడమచేత్తో బోల్టు పట్టుకుని కుడిచేత్తో బిగిస్తున్నాడు. చేతులు ఎంత నిలకడగా ఉన్నాయంటే, ఒక కాకి వచ్చి వాడి మోచేతి మీద వాలి, అదీ స్తంభమే అనుకుని, ఈకలు సర్దుకుని, బోల్టు బిగిసేదాకా కునుకు తీసింది.

తలలు ఊపకండి. కింద గడియారం పట్టుకుని నిలబడి, కాకి లేస్తుందేమోనని "పాస్" అన్నమాట కూడా గుసగుసగా చెప్పిన పరీక్షాధికారి ఇంకా ఉంది. ఆవిణ్ణే అడగండి. పేరు సిగ్రిడ్ ఐనార్సన్.