మాలిని గౌను

కుట్టుమిషన్ తొక్కుతూ కోడలు ఆ పేరును పెదవుల మీదే అనుకునేది. మంజరి. పుట్టేది ఆడపిల్లయితే అదే పేరని పెళ్లికి ముందే మనసులో పెట్టుకుంది. మగపిల్లాడైతే నీ ఇష్టమని భర్తకు ఎప్పుడో వదిలేసింది.

చిక్కల్లా అత్తగారితో వచ్చింది. ఒకప్పుడు ఆవిడ తమ కుట్టుపని కొట్టు గుమ్మంలో నిలబడి పిలిస్తే వీధి చివరివాళ్లు కూడా వెనక్కి తిరిగేవాళ్లు. అందుకే అందరూ మైకమ్మ అనేవాళ్లు. కిందటి వేసవిలో పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ తేరుకున్నాయి గాని, నోరు ఒక పక్కకు లాగేసింది. కొన్ని అక్షరాలు పలుకుతాయి, కొన్ని జారిపోతాయి. జ, ర అసలు పట్టుబడవు. నవ్వుతారేమోనని, కొట్లోకి ఎవరైనా రాగానే ఆవిడ లోపలి గదిలోకి తప్పుకుంటోంది.

మంజరి అని పెడితే నాయనమ్మ మనవరాలిని పేరు పెట్టి పిలవలేదు. ఎత్తుకుని ఊరుకుంటుందంతే. ఆ ఊహ కోడలికి మింగుడుపడలేదు. అలాగని ఆ పేరు వదులుకోవడానికీ మనసొప్పలేదు. దానికి దగ్గరగా ఉండి ఆవిడ నోటికి అందే పేరు ఒక్కటైనా దొరక్కపోతుందా అనుకుంది.

భర్తను అడిగితే, "ఏదో ఒకటి పెట్టు. ఎలాగూ అమ్మ దాన్ని బంగారం అనే పిలుస్తుంది" అని తేల్చేశాడు. బంగారంలోనూ ర ఉందని అతనికి తట్టనే లేదు.

అత్తగారినే అడుగుదామంటే, మీకు పలకదు కాబట్టి అని ఎలా అనడం? అందుకని ఒక ఉపాయం పన్నింది. ఒకరోజు గుండీలు కుడుతూ, "అత్తయ్యా, మాలినిగారి గౌను ఎక్కడ పెట్టారు?" అంది. ఆ మనిషీ లేదు, ఆ గౌనూ లేదు.

"మాలిని?" అంది అత్తగారు. శుభ్రంగా పలికింది.

మర్నాడు కోడలు మంజులగారి చొక్కా అడిగింది. ఆ పేరు సగంలోనే చిక్కుకుంది. తర్వాత మానిని, మల్లిక. అత్తగారు ప్రతి పేరునూ ఒకసారి తిప్పి అని, తెలియదన్నట్టు తలూపేది. నేను చూస్తాలెండి అని కోడలు మాట దాటేసేది. చివరికి మాలిని దగ్గర ఆగింది. మంజరి కాకపోయినా, దాని చెల్లెలిలా ఉంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం దారాలు కొనుక్కుని వచ్చేసరికి కొట్లో అడుగు పెట్టేందుకు చోటు లేదు. బీరువా ఖాళీ అయింది. కుట్టి ఉంచిన బట్టల మూటలన్నీ విప్పి ఉన్నాయి. గుడ్డముక్కల సంచి కూడా బోర్లించి, అత్తగారు వాటి మధ్య నేల మీద కూర్చుని ఉంది.

"ఏం వెతుకుతున్నారు అత్తయ్యా?"

"మాలిని గౌను."

ఆగి ఆగి, మాటలు కూడదీసుకుని చెప్పింది. నోరు పోతే పోయింది, ఇప్పుడు బుర్ర కూడా పోతోందట. ఎవరి కొలతలైనా అడగ్గానే చెప్పిన మనిషికి ఈ మాలిని, మల్లికల మొహాలు కూడా గుర్తు రావడం లేదట. చెబుతూ ఒక చొక్కాను మడతపెడుతూనే ఉంది. మడత కుదరడం లేదు.

కోడలు దారాల పొట్లం పక్కన పెట్టింది. నిండు పొట్టతో గోడ పట్టుకుని మెల్లగా ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"మీ బుర్రకేం కాలేదు. వాళ్లెవరూ లేరు. పేర్లన్నీ నేనే కల్పించాను" అని, మంజరితో మొదలుపెట్టి అంతా చెప్పేసింది.

అత్తగారు చేతిలోని చొక్కాను ఒళ్లో పడేసింది. తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది కోడలు. కాదు, నవ్వుతోంది.

"లేని మనిషికి గౌను," అంది. "వెతికి నా నడుం పోయింది కదే."

"తప్పయిపోయింది అత్తయ్యా."

"మాలిని వద్దు. నువ్వు అనుకున్నదే పెట్టు."

"మీరు పిలవాలి కదా?"

"తేలికైనవి పెడితే నోటికి బద్ధకం. అంటూ ఉంటే అదే వస్తుంది."

అంతలో కోటు కోసం ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు. కోడలు అలవాటుగా లేవబోయింది. అత్తగారు ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఆ కుప్పలోంచి అతని కోటు ఒక్క చూపులో పట్టి లాగి, మడతపెడుతూ పైకే అనుకుంది. "మన్... య... లి."

"నన్నేమైనా అన్నారా?" అన్నాడాయన.

"నిన్ను కాదులే," అంది మైకమ్మ, కోడలి పొట్ట వైపు చూపిస్తూ. "లోపల ఉందిగా, దాన్ని."