గడియ వేసిన కాన్పు గది

ఇంకొక్క దెబ్బకు ఆ గడియ ఊడుతుంది, బయట సునీల్‌కుమార్ భుజంతో గుద్దుతున్నాడు, తలుపు కాదు, నా పక్కటెముకలే అదురుతున్నాయి, నా కుడి పిడికిలి అతని భార్య సౌభాగ్య లోపల ఉంది, ఎడమ చెయ్యి ఆమె పొట్ట మీద ఉంది, రెండింటి మధ్య గర్భసంచిని అదిమి పట్టుకున్నాను, బిడ్డ బయటికి వచ్చాక గట్టిపడవలసిన సంచి తడి గుడ్డలా మెత్తబడి నెత్తురు వదిలేస్తోంది, వెచ్చగా మోచేతి దాకా, అక్కడి నుంచి నా చెప్పుల్లోకి, పిడికిలి తీస్తే ఈమె చచ్చిపోతుంది, తీయకపోతే తలుపు విరిగాక వాళ్లు నన్ను ఏం చేసినా అడ్డుపెట్టుకోవడానికి చేతుల్లేవు.

వత్సల సిస్టర్ ఒక చేత్తో సౌభాగ్య పసిబిడ్డను రొమ్ముకు అదుముకుని ఇంకో చేత్తో సెలైన్ సంచి పిండుతోంది, ఇయ్యాల్సిన సూదులన్నీ ఇచ్చినాను డాక్టర్, ఇంగ రక్తమే, కోలారుకు తీసుకోని పోవల్ల, అంబులెన్సు దారిలో ఉండాది అంటోంది, పొద్దున నొప్పులకు అరిచిన సౌభాగ్య తొడ మీద చెళ్లున కొట్టింది ఈమే, మళ్లీ చెయ్యి ఎత్తితే రిపోర్టు రాస్తానన్నాను, రాయండి డాక్టర్, రాత్రంతా కన్ను మూయలేదు, ఇన్ని మంచాలకి నేనొక్కదాన్నే అని ఏడ్చింది, మా అమ్మ దాక్షాయణిని కూడా కొట్టారు, నన్ను కన్నప్పుడు, రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల కొట్టు వాళ్ల కోడలని కూడా చూడలేదు, నొప్పికి మంచం ఊచ పట్టుకుంటే ఆయా వేళ్ల మీద కొట్టి విడిపించిందట, కాన్పంటే అంతేనే భూమికా అంటుంది అమ్మ, కోపం లేకుండా అంటుంది, ఆ కోపం లేకపోవడమే నన్ను మండిస్తుంది.

రాయి వచ్చింది, కిటికీ భళ్లున పగిలింది, మూతపడిన బంగారు గని సైనైడు దిబ్బల మీది బూడిదరంగు దుమ్ము గాలితో లోపలికి కొట్టింది, గాజు పెంకు నా ఎడమ ముంజేతిలో దిగింది, నొప్పి తెలియలేదు, వేళ్లలో పట్టు పోవడం తెలిసింది, నా నెత్తురు ఆమె పొట్ట మీదికి కారుతోంది, ఏది ఎవరిదో తెలియడం లేదు, సౌభాగ్య కళ్లు పైకి తేలిపోతున్నాయి, సౌభాగ్యా, నన్ను చూడమ్మా, చలిగా ఉండాది డాక్టరమ్మా అంది, అంతే, బయట ఆమె తల్లి మునివెంకటమ్మ, టేకల్ నుంచి కూతురి వెంట వచ్చిన మనిషి, కిటికీలోంచి చూసినాను, రక్తం పోతా ఉండాదని అరిచినాను, యాడికి పోయినారు మీరంతా, తలుపేసుకోని నా బిడ్డని చంపేస్తా ఉండారు అంటోంది, ఆ అరుపులు అప్పుడు మాకు వినబడలేదు, పక్క గదిలో ఊపిరి తీసుకోని ఇంకొక పసికందుకు నేనూ వత్సలా ఊపిరి ఊదుతున్నాము, కాన్పయిన సౌభాగ్య ఇక్కడ ఒక్కతే ఉంది, వాచ్‌మన్ ఆ తల్లిని మెడపట్టి మెట్ల దాకా తోశాడు, బయటివాళ్లు లోపలికి రాకూడదు, అది రూలు, ఈ గడియ వేసిందీ అందుకే.

గడియ ఊడింది, సునీల్‌కుమార్ చేతిలో కర్రతో దూకి, నేల మీది నెత్తురు చూసి అక్కడే ఆగిపోయాడు, కర్ర జారింది, వెనకే వచ్చిన మునివెంకటమ్మ ఆగలేదు, నా జుట్టు పట్టి వెనక్కి గుంజింది, చెంప మీద కొట్టింది, మళ్లీ కొట్టింది, పెదవి చిట్లి నోట్లో ఉప్పగా తగిలింది, నేను పిడికిలి తీయలేదు, కొట్టమ్మా, తర్వాత కొట్టు, ముందు నీ చెయ్యి ఇక్కడ పెట్టు, నా చేతిలో బలం పోయింది, నీ బిడ్డ పొట్ట నొక్కి పట్టుకో, ఎత్తిన చెయ్యి గాలిలో ఆగింది, ఆమె కూతురి ముఖం చూసింది, యాడమ్మా అంది, ఇక్కడ, బొడ్డు కింద, ఇంకా గట్టిగా, నీ బరువంతా వెయ్యి, నొప్పి పడతాదేమో, పడనీ అమ్మా, ఆమె రెండు చేతులూ వేసి వంగింది, పళ్లు కరుచుకుంది, అమ్మీ, మీ యమ్మను వచ్చినాను, నిద్రపోవద్దు, పాపను చూడల్ల నువ్వు అంటూ కూతురి చెవిలో మాట్లాడుతూనే ఉంది, సౌభాగ్య రెప్పలు కదిలాయి, అమ్మా అంది.

చాలాసేపటికి నా పిడికిలి చుట్టూ ఏదో బిగుసుకుంది, సంచి గట్టిపడుతోంది, వెచ్చదనం సన్నగిల్లింది, నెత్తురు ఆగింది, వాకిట్లో అంబులెన్సు ఆగిన చప్పుడు, సునీల్‌కుమార్ స్ట్రెచర్ పట్టుకోవడానికి పరిగెత్తాడు, మునివెంకటమ్మ చేతులు తీయలేదు, తీయొచ్చా అని కూడా అడగలేదు, ఆ చేతుల వంక చూస్తున్నాను, చెంప మండుతోంది, ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు, పొద్దున్నే ఈమెను ఈ మంచం పక్కన నిలబడనిచ్చి ఉంటే, నెత్తురు మొదలైన ఆ మొదటి క్షణంలోనే నన్ను పిలిచి ఉండేది.