నెలవంక తాళం

వాల్వు మీద తాళం లేదు, గొలుసు ఉత్తగా వేలాడుతోంది. ఆ తాళంచెవి ఈరవ్వ కొంగు ముడిలోనే ఉంది, ఆమె మొగుడు బీరయ్య ఇంకా ప్రెస్సు పెట్టెలోనే ఉన్నాడు.

గొట్టంలో గాలి బుసకొడుతోంది. అడ్డంగా ఉండాల్సిన వాల్వు పిడి గొట్టం వెంబడి తిరిగి ఉంది. ఎవరో తెరిచారు. ఈరవ్వ చేతిలోని అంబలి కుండ నేల మీద పడి పగిలింది.

"ఓయ్! బయటికి దుంకు! గాలి ఇడిసిండ్రు!"

అది పత్తి బేళ్లు కట్టే ప్రెస్సు. మనిషి లోతు చెక్క పెట్టె, దాని మీద ఇనుప పీట. టంకీలోని గాలి వాల్వు దాటి వచ్చిందంటే పీట దిగి పత్తిని అణుస్తుంది. పత్తి ఇరుక్కుంటే మనిషి పెట్టెలోకి దిగి పీకాలి. బీరయ్య పని అదే.

అప్పుడే నింపడం మొదలుపెట్టిన టంకీలో గాలి తక్కువగా ఉండడం అతని అదృష్టం. పీట జానెడు జానెడుగా దిగింది. బీరయ్య అంచు పట్టుకుని ఎగిరి బయటపడ్డాడు గానీ, ఎడమ చెయ్యి పూర్తిగా రాలేదు. అరుపు విని పరుగెత్తుకొచ్చిన తోటి కూలీ హనుమాండ్లు వాల్వు మూసి, గొట్టంలో మిగిలిన గాలి వదిలేసరికి మూడు వేళ్లు నలిగి పత్తి ఎర్రబడిపోయింది.

అప్పుడు వచ్చాడు ప్రెస్సు మేస్త్రీ నర్సింహులు, ఇంజను గది వైపు నుంచి, తలగుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

"ఎవడు తీసిండు తాళం? చెవి ఏది?"

ఈరవ్వ కొంగు విప్పి చూపింది. తాళం గోడ వారన దొరికింది. విరగలేదు. దెబ్బ లేదు. చెవితో తీసినట్టే తెరుచుకుని ఉంది.

నర్సింహులు ఆ తాళాన్ని, ఆమెను మార్చి మార్చి చూశాడు. "ఇంకేముంది చెల్లె? ఒకటే చెవి. అది నీ కొంగుల ఉంది. యాది మరిచి నువ్వే తీసినవ్."

మొగుని చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఈరవ్వకు ఏడుపు రాలేదు. చెవిని మళ్లీ కొంగున గట్టిగా ముడేసుకుంది.

*

ఆ తాళం అక్కడికి రావడానికి ఒక కథ ఉంది. దేశాల మధ్య లడాయి మొదలైన ఏడాది కామారెడ్డి స్టేషనులో వ్యాగన్లు నిలవనిచ్చేవారు కాదు, బేళ్లు తొందరగా కట్టమని మేనేజరు నెత్తిన కూర్చునేవాడు. ఆ తొందరలో ఒకడి కాలు పోయింది. పెట్టెలో మనిషి ఉండగా వాల్వు తెరవకుండా కట్టడి చేస్తే తప్ప దిగమని కూలీలు మొండికేశారు. అప్పుడు నర్సింహులే తన ఊరు ఎల్లారెడ్డి పోయి తాళం తెచ్చాడు. అందరినీ నిలబెట్టి పద్ధతి చెప్పాడు. ముందు వాల్వు మూయాలి. చిన్న కుళాయి తిప్పి, బుస ఆగేదాకా గొట్టంలోని గాలి వదలాలి. గొలుసు చుట్టి తాళం వేయాలి. దిగేవాడు ఇనుము లోపలికి తీసుకుపోకూడదు, గీసుకుని రవ్వ లేస్తే పత్తి అంటుకుంటుంది. అందుకని చెవి తన మనిషికి ఇచ్చి దిగాలి.

"దీనికి ఒకటే చెవి. అది మీ మనిషి దగ్గర ఉన్నన్ని దినాలు మీకు భయం లేదు. మా అమ్మ తోడు," అన్నాడు.

ఆ మాట నమ్మే ఈరవ్వ, ప్రమాదం జరిగిన రోజు, షెడ్డు బయటికి పోయింది. నీడలో పెట్టిన అంబలి కుండ తీసుకుని, కాళ్లు కడుక్కుంటూ అక్కడి నుంచే కేకేసింది: "అంబలి తాగుతందుకు వస్తవా, రావా?"

"వచ్చిన, వచ్చిన!" పెట్టెలోంచి జవాబు.

పెండ్లయిన నాటి నుంచీ బీరయ్యది అదే వరస. చేతిలో పని వదలడు, కాలు కదపడు, నోటితో మాత్రం "వచ్చిన" అంటాడు. ఒక్క బీరయ్యేం, ఆ ఊళ్లో అందరూ అంతే.

*

దవాఖానాలో మూడు వేళ్లు తీసేశారు. మర్నాడు మేనేజరు కాగితం రాయించాడు: పెండ్లాం మతిమరుపుతో వాల్వు తాళం తీసింది, ఫ్యాక్టరీ తప్పు లేదు. మూడు రోజుల్లో పోలీసు అమీను వస్తాడు, ఆలోపు వేలిముద్ర వేయాలి.

"నా మొగుని చెయ్యి నేనే నలగ్గొట్టినని ముద్ర ఎయ్యాల్నా? నీ కాయితం నీ పొయ్యిల పెట్టుకో!" అని ఈరవ్వ లేచి వచ్చేసింది.

కానీ రాత్రికల్లా గుడిసెల్లో అదే మాట పాకింది. మంచం మీద బీరయ్య కూడా గోడ వైపు తిరిగి, "నిజం చెప్పు... నువ్వు తియ్యలేదు గద?" అన్నాడు. ఆ ఒక్క మాట ఆమెను మేనేజరు కాగితం కంటే ఎక్కువ కాల్చింది.

"తియ్యలే," అంది. "తీసినోని మెడ పట్టుకొచ్చి నీ ముంగట నిలబెడ్త. అప్పటిదాంక నాతోని మాట్లాడకు."

తాళం వాల్వు దగ్గరికే పోయింది గానీ చెవి ఇంకా ఆమె కొంగులోనే ఉంది. దాని మీద గోరంత నెలవంక గుర్తు. పత్తి మోసే ముసలి హన్మవ్వ దాన్ని చూసి, "ఇది ఎల్లారెడ్డి యాకూబు తాళమే. మా దొర గడీ తాళాలకు గిదే గుర్తు," అంది. "పోయి అడుగు బిడ్డా, చెవి లేకుంట తాళం ఎట్ల తెరుసుకుంటదో."

పొద్దున బస్సుకు ఈరవ్వ ఎల్లారెడ్డి పోయింది. అంగడిలో చెప్పుల వరుస పక్కన గోనె పట్టా మీద తాళాలు పరుచుకుని కూర్చున్నాడు యాకూబు. చెవి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"నా చేతి పనే. దీని జోడీ ఏదమ్మా?"

"జోడీ ఏంది?"

యాకూబు ఆమెను విచిత్రంగా చూశాడు. "తాళానికి రెండు చెవులుంటయ్ గద తల్లీ. తీగెకు గుచ్చి జోడీగనే ఇస్త. ఒకటి పోతే ఇంకోటి. మీ ఇంట్ల తాళం లేదా?"

లేదు. వాళ్ల గుడిసెకు తడక తలుపు, దానికి తాడు. ఆ ప్రెస్సులో పెట్టెలోకి దిగే ఏ ఒక్కడి ఇంటికీ తాళం లేదు. ఉంటే, ఒకటే చెవి అని మేస్త్రీ అన్ననాడే ఎవడో ఒకడు నవ్వేవాడు. నర్సింహులుకు ఆ సంగతి తెలుసు. ఆ ధైర్యంతోనే తల్లి మీద ఒట్టు వేశాడు.

ఈరవ్వ గోనె పట్టా ముందు కూర్చుంది.

"ఇసొంటిదే ఇంకోటి కోసిస్తవా, బాబా?"

"ఏం చేస్తవ్ దాంతోని?"

"ఒక అబద్ధం ఆడాలె."

*

మర్నాడు ఆమె షెడ్డులోకి అడుగుపెట్టేసరికి హనుమాండ్లు పెట్టెలోకి దిగబోతున్నాడు. వాల్వుకు నొక్కి వేసిన అదే నెలవంక తాళం; చెవి ఈరవ్వ దగ్గర ఉంది గనుక ఇంకెవరూ తీయలేరని అతని ధైర్యం.

"దిగకు, తమ్మీ! ఆ తాళం తాళం కాదు."

"నువ్వెందుకొచ్చినవే ఈడికి?" నర్సింహులు ఎగిరి వచ్చాడు. "ముద్ర ఎయ్యకుంట షికార్లు తిరుగుతున్నవా?"

"ముద్ర ఏస్త, అన్నా, తొందరెందుకు?" ఈరవ్వ గొంతు పెంచలేదు. చుట్టూ కూలీలు పని ఆపి చూస్తున్నారు, మేనేజరు గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె పిడికిలి విప్పి యాకూబు కొత్తగా కోసిన చెవిని పైకెత్తింది. "ముందు దీని సంగతి చెప్పు. నీ దగ్గరున్న రెండో చెవి ఇప్పుడు నా దగ్గరికొచ్చింది. ఎట్లొచ్చిందో చూసుకో."

నర్సింహులు చెయ్యి నడుముకు వేలాడే వక్కాకు సంచి మీదికి పోయింది. అదిమి చూసింది. ఉందని తెలిసి ఆగింది.

అప్పటికి ఆలస్యమైంది. అందరూ చూశారు.

"ఏం తడుముతున్నవ్ మేస్త్రీ?" అంది హన్మవ్వ. "వక్కలు ఎల్క ఎత్కపోయిందా?" అంటూనే ముసల్ది సంచి తాడు పట్టి లాగింది. తమలపాకులు, సున్నపు డబ్బీ, వాటి మధ్య నెలవంక గుర్తున్న తాళంచెవి నేల మీద పడ్డాయి. హనుమాండ్లు దాన్ని తీసుకుని వాల్వు దగ్గరికి నడిచాడు. ఒక్క తిప్పుకు తాళం తెరుచుకుంది.

ఈరవ్వ నర్సింహులు దగ్గరికి వచ్చి, అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"చెల్లె అన్నవ్. అమ్మ మీద ఒట్టు పెట్టినవ్. నా మొగుడు నన్నే అనుమానపడే కాడికి తెచ్చినవ్. అమీను సంగతి తర్వాత. చెప్పు, అందరు ఇనని."

నర్సింహులు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. మేస్త్రీ తలగుడ్డ తీసి చేతిలో నలిపాడు.

"నేనే తీసిన," అన్నాడు. "బీరయ్యను చంపుదామని తియ్యలే, ఈరవ్వా. వ్యాగన్లు నిలబడ్డయ్. మీరు దిగుడు, ఎక్కుడు, చెవి కోసం ఒకళ్లనొకళ్లు ఎతుకుడు, గంటకు పావుగంట గిట్లనే పోతుండె. అందుకే రెండోది దాసిన. ఇది మొదటిసారి కాదు. శానాసార్లు తీసిన, ఎవ్వలకు ఏం కాలే. ఆ దినం నువ్వు బయటికెళ్లి అంబలికి పిలిసినవ్. ఆయన 'వచ్చిన' అన్నడు. నేను ఇన్న. మనోళ్లు 'వచ్చిన' అంటే ఇంకా రాలేదని నాకు తెల్వదా? నేనూ గట్లనే అంట. తొంగి చూస్తే నాలుగడుగులు. చూడలే. తాళం తీసి, వాల్వు తిప్పి, ఇంజను కాడికి పోయిన. అరుపు ఇనంగనే తెలిసింది నాకు. నీ కొంగుల చెవి చూడంగనే, తప్పు నీ మీదికి పోతది, నేను బతుకుతననిపించింది. ఆ తాళం తెచ్చింది, నోటి మాట నమ్మి వాల్వు తిప్పొద్దనే. తెచ్చింది నేనే."