సుక్కికి ఏమైందో

సుక్కి తినడం మానేసిన మూడో రోజున గానీ సరోజిని ఆ సంగతి పైకి అనలేదు.

మొదటి రోజు చేపల దేముడమ్మ గుమ్మంలోకి వచ్చి కేకేసినా పిల్లి లేచి రాలేదు. రోజూ ఆవిడ వీధి మలుపు తిరగకముందే అరుగు మీదికి చేరి, తోక నిలబెట్టి అరిచే జంతువు అది. నుదుట నల్లచుక్క ఉన్న తెల్లపిల్లి. రెండో రోజు వేసిన చేప తలకాయ చీమలు పట్టేదాకా అలాగే పడి ఉంది. మూడో రోజు బోరింగు పక్కన సిమెంటు తొట్టి అంచున కూర్చుని అదే పనిగా నీళ్లు తాగింది. తాగిన కాసేపటికి తెల్లటి నురగ కక్కి, మళ్లీ తొట్టి దగ్గరికే పోయింది.

సరోజిని బియ్యం కడుగుతూ చూసింది. గుండె గుభేలుమనాలి. అనలేదు. రెండేళ్లుగా ఆమెకు ఏదీ అలా అనిపించడం లేదు. బావగారు నూకయ్య పోయిన దగ్గర్నించీ అంతే. ఆయనకూ ఇలాగే మొదలైంది. ముందు అన్నం సయించలేదు, తర్వాత కాళ్లు వాచాయి, ఆ తర్వాత విశాఖపట్నం ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరుగుళ్లు. ఆరు నెలలు ఆయనకు గంజి కాచి పోసింది సరోజినే. ఆయన పోయాక ఎవరెవరో జీపుల్లో వచ్చి ఊళ్లో నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, మట్టి పొట్లాలు కట్టుకెళ్లారు. ఊళ్లో ఇంతమందికి ఆ కిడ్నీల జబ్బు ఎందుకొస్తోందో మాత్రం ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్ల మనిషి తోటలోంచి నడిచొచ్చి మంచం ఎక్కితే ఆ వీధిలో ఇప్పుడు ఎవరూ కారణం అడగరు.

"పిల్లి తిన్నేదు మావా," అంది ఆ సాయంత్రం, మొగుడు సన్యాసి కొబ్బరితోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఉంటే.

"ఎన్నాళ్ల బట్టి?"

"మూడ్రోజులు."

సన్యాసి తువ్వాలు కూడా అందుకోకుండా తడికాళ్లతో వెళ్లి పిల్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు. దాన్ని తెచ్చింది అతనే. ఒక వేసవిలో జీడిపిక్కలు ఏరుతుంటే ఆకుల కింద కళ్లు తెరవని కూన దొరికింది. చొక్కా జేబులో వేసుకొచ్చాడు. పిల్లల్లేని ఇల్లు అది. సుక్కి వాటా పక్కన పెట్టాకే తన ముద్ద కలుపుకునేవాడు. ఇప్పుడు దాని పొట్ట తడిమాడు, చెవి పట్టుకు చూశాడు. సరోజిని చూపు అతని చీలమండల మీద పడింది. వాచి, వేలితో నొక్కితే గుంట పడి నిలిచేలా ఉన్నాయి. నెల రోజులుగా చూస్తోంది. ఆమె చూస్తోందని అతనికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

పిల్లి మాట మాత్రం ఎత్తగలిగారు. తాగిందా, కక్కిందా, ఎక్కడ పడుకుంది అని రోజంతా ఆ ఇంట్లో అవే మాటలు.

"మందు తిన్న ఎలకనేటైనా తినీసుంటాది పిల్లా," అంది మర్నాడు దేముడమ్మ గంప దించుతూ.

"అలగైతే ఈపాటికి సచ్చిపోయుండును గదా," అంది సరోజిని, ఎవరింటి పిల్లి సంగతో చెబుతున్నట్టు.

దేముడమ్మ ఆమె ముఖం వంక చూసింది. "నీకేటీ అనిపించట్నేదేటి?"

సరోజిని చేపలు తీసుకోకుండానే లోపలికి వెళ్లింది.

చేతులు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. కొట్లో ఇంకు ఫిల్లరు ఒకటి కొని, గంజితేట అందులోకి పీల్చి, గంటగంటకూ పిల్లి దవడ పక్కనుంచి చుక్కలు చుక్కలుగా వదిలేది. సగం బయటికే కారేది. తుడిచి మళ్లీ పోసేది.

ఐదో రోజు పొద్దున సన్యాసి తోటకు వెళ్లలేదు. "కాసీబుగ్గ అట్టుకెల్దుం," అన్నాడు.

"పిల్లినా?"

"మరేటి."

గంపలో పాత చీర పరిచి పిల్లిని పెట్టి, పైన వల ముక్క కట్టింది. ఆటోలో పక్క మనిషి, కోడా అని అడిగాడు. "కాదు, పిల్లి. దానికి బాగునేదు," అన్నాడు సన్యాసి, ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టే.

కాశీబుగ్గలో ఆవులకూ మేకలకూ మందులిచ్చే డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన నవ్వలేదు. పిల్లి మెడ మీది చర్మం ఎత్తి వదిలాడు. అది వెంటనే కిందికి జారలేదు.

"ఒంట్లో నీరు లేదు. ఏ నీళ్లు తాగుతుంది?"

"మా నీల్లే బాబూ. బోరింగువి."

"ఏ ఊరు?"

సన్యాసి చెప్పాడు. డాక్టరు తలెత్తి అతని ముఖం వంక చూశాడు.

"పిల్లులకి కూడా కిడ్నీలు పోతాయేటి బాబూ?"

"పోతాయి. దీనికి అదేనని మాత్రం చెప్పలేను. ఇంకేదైనా కావచ్చు. పిల్లి రక్తం పరీక్ష చేసే వీలు ఇక్కడ లేదు."

చర్మం కింద సెలైన్ ఎక్కించి, ఒక ఇంజక్షను చేశాడు. రేపు, ఎల్లుండి మళ్లీ తీసుకురమ్మన్నాడు. చేతులు కడుక్కుంటూ సన్యాసి కాళ్ల వంక చూసి, "మనుషులకైతే ఆ పరీక్ష పక్క వీధిలోనే చేస్తారు," అన్నాడు మామూలుగా.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డారు. ఎదురుగా జీడిపప్పు దుకాణం ముందు డబ్బాలు దించుతున్నారు.

"దాని రగతం సూసే వీలు నేదన్నాడు," అంది సరోజిని ఆ డబ్బాల వైపు చూస్తూ. "నీది సూసే వీలుంది."

సన్యాసి వచ్చే ఆటోకి చెయ్యెత్తాడు. ఇంటి ముందు దిగాక గంప ఆమెకు అందిస్తూ, "అన్న కాయితాలన్నీ నానే మోసినాను. నా పేరుతో అలాటి కాయితం సూడ్నేనే," అన్నాడు.

"నువ్వు సూడక్కర్నేదు. నాను సూత్తాను."

మర్నాడు పిల్లికి సెలైన్ ఎక్కుతుంటే అతను ఒక్కడే పక్క వీధికి వెళ్లాడు. మోచెయ్యి మడిచి దూది నొక్కుకుంటూ తిరిగొచ్చి, గంప ఎత్తుకున్నాడు.

రెండు రోజులకు కాగితం వచ్చింది. పలాసలో డాక్టరమ్మ దాన్ని చదివి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి గానీ పూర్తిగా పోలేదనీ, ఇప్పుడైనా వచ్చారు కాబట్టి జాగ్రత్తగా ఉంటే కొన్నేళ్లు నెట్టుకు రావచ్చనీ చెప్పింది. సన్యాసి తల వంచుకుని గోళ్లు చూసుకున్నాడు. ఏ మాత్ర అన్నానికి ముందు, ఏది తర్వాత అని సరోజిని రెండుసార్లు అడిగి తెలుసుకుంది. ఆమెకు ఏడుపు రాలేదు. రాలేదని బాధా కలగలేదు. బస్సులో అతని మణికట్టు పట్టుకుని కూర్చుంది. దిగేదాకా వదల్లేదు.

ఆ మర్నాడు సుక్కి లేచి వచ్చి పాలన్నం నాకింది. ముందు అంచునే నాకి, ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. దానికి ఏమొచ్చిందో, ఎలా తగ్గిందో కబురు విన్న కాశీబుగ్గ డాక్టరు కూడా చెప్పలేకపోయాడు.

"తింటంది. సూడే, తింటంది," అన్నాడు సన్యాసి గొంతు తగ్గించి, గట్టిగా అంటే మానేస్తుందేమో అన్నట్టు.

సరోజిని చూసింది. సంతోషం కలగాలని తెలుసు. గిన్నె ఖాళీ అయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడింది.

మధ్యాహ్నం పప్పు వండి వడ్డించింది. సన్యాసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తలెత్తాడు.

"ఉప్పెయ్యనేదేటి?"

"డాక్టరమ్మ వొద్దంది గదా."

"నాకు వొద్దంది. నువ్వేసుకో."

"రొండు పప్పులు ఎవులు వండుతారు," అని సరోజిని తన కంచంలోనూ అదే వడ్డించుకుని, అతని ఎదురుగా కూర్చుని కలుపుకుంది.