మట్టి పూత కింద

మధ్యాహ్నానికే కొండల మీద మబ్బు కమ్మింది. ఇజ్జా ఖర్జూరాల తక్కెడ పక్కన పెట్టి, కొట్టు బయటి గోడను వేలికణుపుతో తట్టింది. డొల్ల చప్పుడు. నిన్న మోకాలెత్తున ఉన్న చెమ్మ ఇవాళ నడుం దాకా పాకింది.

ముప్పై ఏళ్లుగా ఖర్జూరాలు అమ్ముతున్న మనిషి ఆమె. పెట్టె పైవరుస చూసి అడుగువరుస చెప్పగలదు. ఈ గోడా అలాంటి పెట్టే.

ఒకప్పుడు వానలకు ముందు ఈ మట్టికోటలో కాపురముండే వాళ్లంతా మట్టీ గడ్డీ కలిపి, వారం పులియబెట్టి, ఇంటింటికీ కలిసి పూసుకునేవాళ్లు. కూలి లేదు, పూసిన ఇంట్లో అందరికీ గోధుమరవ్వ కూస్‌కూస్ భోజనం. సర్కారు వాళ్లు కోటను పాత కట్టడంగా కాపాడతామన్నాక, సొంత గోడ ముట్టుకుంటే ఇల్లు ఖాళీ చేయిస్తామన్నారు. వాళ్ల గుత్తేదారు రోజుకు ఎనభై దిర్హమ్‌ల కూలీలతో సిమెంటు కొట్టించి, పైన వేలిమందం మట్టి పూయించాడు. ఫోటోలకు బాగుంది. లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. పోయిన నెల వానకు పక్క వీధిలో అలాంటి గోడే కూలింది. చచ్చింది గాడిద కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

కొట్టు పై గదిలో కోడలు తూదా, నాలుగు రోజుల పసికందు. ఏడో రోజు పేరు పెట్టేదాకా బాలింత గడప దాటకూడదు.

గుత్తేదారు మనిషి బెన్నాసెర్ కాగితం, సిరా డబ్బీ పట్టుకొచ్చాడు.

“పాత పద్ధతిలోనే బాగుచేశారని వేలిముద్ర వెయ్యవ్వా. వాన రాకముందే పోవాలి.”

“వానంటే నీకూ భయమేనా నాయనా? ఇంత గట్టి గోడ కట్టారుగా! దీనికే ఆనుకుని కూర్చో, టీ పోస్తా.”

అతను గోడకేసి చూశాడు. కూర్చోలేదు.

“వెయ్యకపోతే ఇల్లు ప్రమాదమని రాస్తారు. తాళం పడుద్ది. కొట్టూ పోద్ది, కొంపా పోద్ది.”

వేలు వేస్తే ఇల్లు ఉంటుంది, గోడ కూలేదాకా. వెయ్యకపోతే ఇవాళే పోతుంది. పైన పసిగుడ్డు ఏడ్చింది. గోడలో ఎక్కడో మట్టి జలజలా రాలింది.

“తూదా! బిడ్డనెత్తుకుని బయటికి రా!”

“ఇంకా మూడ్రోజులుందత్తా! జనం ఏమంటారు?”

“అననీ. దిగవే ముందు!”

మెట్ల మీద అడుగులు వినపడ్డాక ఇజ్జా మూలనున్న పార అందుకుంది.

“ముట్టుకోకు! ఇల్లు పోద్ది!” బెన్నాసెర్ అరిచాడు.

“పెట్టె అడుగు చూడందే నేను వేలు వెయ్యను.”

పార దెబ్బకు మట్టి పొర ఊడిపడింది. వెనక బూడిదరంగు సిమెంటు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆ ఇంటి ముసలాయన తన పార పట్టుకుని గడపలోనే ఆగిపోయాడు. ఇజ్జాను చూడటం లేదు. అదే పూత ఉన్న తన గోడకు చెవి ఆనించి ఉన్నాడు.

తొలి చినుకు సిమెంటు మీద పడింది.